పాఠం ఇంటికొచ్చిన రోజులు

కరోనాతో బడులు మూతపడ్డాక, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడు నుంచి పది తరగతుల పిల్లలకి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మా వీధిలో ఎనిమిదో తరగతి అమ్మాయి నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. లెక్క సగంలో ఉండగా వంటింట్లోంచి పిలుపు. లేచెళ్లి అన్నం వార్చి వచ్చేసరికి టీచరు తర్వాతి లెక్కలో ఉండేవారు. పిల్లలు శ్రద్ధ పెట్టడం లేదని ఆ రోజుల్లో అందరూ అన్నారు. శ్రద్ధ పెట్టడానికి ఆడపిల్లకి ఒక గంట ఎవరిచ్చారు? బడిలో ఉన్నంతసేపైనా ఇంటిచాకిరీకి ఆమె దొరికేది కాదు.

ఇక ఫోను సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 21, 48.8. తల్లి చేతికే రాని ఫోను కూతురి దాకా ఎప్పుడొస్తుంది? అన్న ఆట అయ్యాక, ఛార్జింగ్ మిగిలితే.

నిజానికి బడికి దూరంగా చదువుకోవడం మన స్త్రీలకి కొత్త కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాసి పాసయ్యారు. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ, బడి మధ్యలో ఆగిపోయిన స్త్రీలని అదే పరీక్షకి తయారుచేసింది. ఆమె అధ్యక్షురాలిగా ఉండగానే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో స్త్రీలకి కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. అక్కడ విశ్వవిద్యాలయం ఎక్కడో ఉత్తరాదిన ఉన్నా, పాఠం చెప్పే మనిషి ఎదురుగా ఉండేది. పక్కన తనలాంటి మరో స్త్రీ ఉండేది. 2020లో పాఠం నట్టింట్లోకి వచ్చింది, పక్కనున్న స్నేహితురాలు మాయమైంది. పాత పద్ధతిలోని ఈ కిటుకుని మన విద్యాశాఖలు పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

పట్టించుకున్న టీచర్లు లేకపోలేదు. నాకు తెలిసిన ఒక తెలుగు టీచరు వారానికోసారి వాడకి వెళ్లి, అయిదారుగురు అమ్మాయిల్ని ఒక అరుగు మీద ఎడంగా కూర్చోబెట్టేది. వర్క్‌షీట్ పక్కన పెట్టించి, పాఠం వచ్చినప్పుడు నువ్వేం చేస్తున్నావో రాయమనేది. పుస్తకంలోని ప్రశ్నలకి రెండు ముక్కలు రాయని పిల్లలు దీనికి పేజీలు నింపారట. ఒకమ్మాయి మాత్రం మూడే వాక్యాలు రాసింది: "టీవీలో సైన్సు వచ్చింది. నేను బట్టలు ఉతుకుతున్నాను. కొంచెం వినిపించింది."

టీచరు ఆ వాక్యాల కింద సంతకం పెట్టి, ఆ వారం సైన్సు పాఠం అరుగు మీదే మళ్లీ చదివించింది.