మూగవోయిన మోటారు హారను

నిజాంసాగరు జలాశయము 1931లో పూర్తియైనది. మంజీర నీటితో బోధను ప్రాంతమున చెరకు విస్తరించెను. 1937లో అచ్చట నిజాం చక్కెర కర్మాగారము నెలకొల్పబడెను. ఇంతకుముందే, 1932 జూన్ 15న, నిజాం రైల్వే 27 బస్సులతో హైదరాబాదు రాజ్యమున రోడ్డు రవాణాను ప్రారంభించినది. చెరకు ఎత్తుగా నింపిన ఎడ్లబండిని తోలువానికి వెనుక వచ్చు మోటారు కనబడదు. నిజామాబాదు–బోధను బాటపై హారను మూగవోయినచో ప్రాణాపాయమే.

తొలి మోటార్లకు రబ్బరు బుడ్డి హారను ఉండెడిది. బుడ్డిని పిసికినచో గాలి లోహపు నాలుకను కంపింపజేయును. 1908 ప్రాంతమున అమెరికాలో వెలువడిన ‘క్లాక్సను’లో చిన్న విద్యుత్ మోటారు త్రిప్పు పళ్లచక్రము ఒక రేకును కంపింపజేసెడిది. తరువాత వ్యాపించిన హారనుకు పాఠశాలలోని విద్యుత్ గంట సూత్రమే ఆధారము. విద్యుదయస్కాంతము రేకును లాగగానే కాంటాక్టులు విడిపోవును, ప్రవాహము ఆగును, రేకు వెనుకకు పోవును, కాంటాక్టులు మరల కలియును. ఇది సెకనుకు వందల మార్లు జరుగును.

పాత బండి హారను పలుకనిచో, ముందు దానిని తగిన వోల్టేజిగల బ్యాటరీకి నేరుగా కలిపి చూడవలెను. మ్రోగినచో దోషము ఫ్యూజు, తీగలు, బటను, వీనిలో ఎక్కడనో గలదు. ‘టక్కు’మని ఊరకున్నచో కాంటాక్టులు విడివడుట లేదు, సర్దుబాటు మరను కొద్దిగా త్రిప్పి చూడవలెను. చప్పుడే లేనిచో కాంటాక్టులకు మురికి పట్టియుండవచ్చును, లేదా తీగచుట్ట తెగియుండవచ్చును. కాంటాక్టులను సన్నని గరుకుకాగితముతో రుద్దినంతనే పలికిన హారన్లు పెక్కు గలవు. మరి బటను నొక్కకయే మ్రోగుచున్నచో? పెక్కు పాత బండ్లలో బటను చేయు పని తీగను చట్రమునకు కలుపుటయే. ఒరిసిపోయిన తీగ చట్రమును తాకి ఆ పనిని తానే చేయుచున్నదన్నమాట.

విద్యార్థులు ప్రయోగశాలలోని గంటపై ఈ దోషములను ఒక్కొక్కటిగా కల్పించి, కారణమును వెదకి చూడవచ్చును.