సరస్సు గడ్డకట్టేదాకా

పొద్దున్న ఆరున్నర. ఇనుము రోడ్డుని గీరుకుంటూ పోతున్న చప్పుడుకి మెలకువ వస్తుంది. వీధి మలుపులో తిరిగే పసుపుపచ్చ లైటు గోడమీద ఓసారి పాకి మాయమవుతుంది. స్నో ప్లౌ. అంటే రాత్రి మళ్ళీ మంచు పడిందన్నమాట. ఎంత పడిందో చూడ్డానికి కిటికీ తెర తీయక్కర్లేదు. మెయిన్ స్ట్రీట్ మీద కార్ల రొద అసలు వినబడడం లేదంటే కనీసం అరడుగు పడి ఉంటుంది. కొత్త మంచు చప్పుళ్ళని మింగేస్తుంది.

మీరిప్పుడు బఫెలోలో, మా ఇంటి పై వాటాలో ఉన్నారు. న్యూయార్క్ రాష్ట్రానికి ఇది పడమటి కొస. యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ నడిచివెళ్ళేంత దూరం. జనవరి ఆఖరి వారం. సూర్యోదయం ఏడున్నర దాటాక అని ఫోను చెప్తోంది గానీ, ఉదయించేదేదీ మీకు కనపడదు. నలుపు ముదురు బూడిద రంగులోకి తిరుగుతుంది, ఆ బూడిద కాస్త పలచబడుతుంది, అంతటితో తెల్లారినట్టు. మన ఊళ్ళో శ్రావణంలో ముసురు పడితే బట్టలారడం లేదని మూడురోజులు విసుక్కుంటాం, నాలుగో రోజు ఎండ కాస్తుంది. ఇక్కడ నవంబర్లో పట్టిన ముసురు సంక్రాంతి దాటినా వదల్లేదు. ఈ ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళంతా మంచుకి భయపడతారు. నన్నడిగితే మనిషిని కుంగదీసేది మంచు కాదు, ఈ మబ్బు.

రండి, ముందు స్నో తీయాలి. థర్మల్స్, ఉన్ని మేజోళ్ళు, స్వెట్టరు, మోకాళ్ళదాకా జాకెట్టు, టోపీ, బూట్లు. గ్లవ్స్ ఆఖర్న వేసుకోండి, లేకపోతే జాకెట్టు జిప్ పట్టుకి రాదు. తలుపు తీసి ఒక్క ఊపిరి పీల్చగానే ముక్కులోపలి తడి గడ్డకట్టి వెంట్రుకలు బిగుసుకుంటాయి. మైనస్ 12 డిగ్రీలు. మెట్లెక్కడున్నాయో అంచనాతో కాలు పెట్టాలి.

పార చేతికి తీసుకునేముందు మీ నల్ల జాకెట్టు చేతిమీద వాలిన రేకుని ఒక్కసారి చూడండి. ఆరు కొమ్మలు, ప్రతి కొమ్మకీ మళ్ళీ పిల్లకొమ్మలు, అన్నీ ఒకే కోణంలో విచ్చుకుని ఉంటాయి. ఊరి పక్కనున్న ఈరీ సరస్సు మీంచి వచ్చే మంచు ఎక్కువగా ఇలాంటి పెద్ద రేకులతోనే పడుతుంది. కొమ్మల మధ్య అంతా గాలే, అందుకే ఇంత ఎత్తు పేరుకున్నా పై పొర నోటితో ఊదితే ఎగిరిపోతుంది. మీ ఊపిరి వేడి తగలగానే కొమ్మల అంచులు గుండ్రబడి, చూస్తుండగానే ఒక నీటిచుక్క మిగులుతుంది.

తేలిక అక్కడితో సరి. డ్రైవ్‌వే చివర ప్లౌ తోసిపోయిన గట్టు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. రోడ్డు ఉప్పు, బురద, ఐసు పెచ్చులు కలిసి బిగుసుకుపోయి ఉంటాయి. ప్లాస్టిక్ పార అక్కడ పనిచెయ్యదు, ఇనప పార కావాలి. నడుము కాదు, మోకాళ్ళు వంచండి. కొంచెం కొంచెంగా ఎత్తండి. ఆయాసం వస్తే ఆపండి, సిగ్గుపడొద్దు. ఈ గట్టు తవ్వుతూనే గుండె ఆగి చనిపోయేవాళ్ళు ప్రతి చలికాలం ఉంటారు. ఇంటి పక్కగోడకి ఫర్నెస్ పొగగొట్టం ఉంటుంది, దాని చుట్టూ మంచు తీయడం మర్చిపోవద్దు. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగొస్తుంది. తర్వాత వీధి చివరి ఫైర్ హైడ్రెంట్. ఆ తర్వాత ఎదురింటి పెద్దాయన నడకదారి. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన మనిషి, ఎనభై దాటాయి. ఎవరూ వంతులు వేసుకోలేదు. ఎవరు ముందు లేస్తే వాళ్ళు ఆయన గుమ్మం దాకా తవ్వుతారు. ఆయన తలుపు సందులోంచి తల బయటపెట్టి థాంక్స్ చెప్పి, ఒక వార్త కూడా చెప్తాడు: "గాలి నైరుతికి తిరుగుతోంది. రాత్రికి కారు వీధిలో పెట్టకు."

నైరుతి. మనకి వానలు తెచ్చే దిక్కే ఇక్కడ మంచు తెస్తుంది. ఈరీ సరస్సు నైరుతి నుంచి ఈశాన్యానికి 388 కిలోమీటర్ల పొడవున పడుకుని ఉంది. ఆ ఈశాన్య కొసనే బఫెలో. వేసవంతా వేడెక్కిన నీళ్ళ మీదుగా ఉత్తరాది చలిగాలి సరస్సు పొడుగునా వీస్తే, దారంతా ఆవిరి పట్టుకుని, మబ్బై లేచి, ఒడ్డుకి రాగానే కుమ్మరిస్తుంది. ఏడాదికి సగటున పడే 95 అంగుళాల మంచులో పెద్ద వాటా ఈ లెక్కదే. ఆ మబ్బు పట్టీ చాలా సన్నం. దాని అంచు ఏ వీధి మీంచి పోతుందన్నదే ఈ ఊళ్ళో అసలు ప్రశ్న. 2014 నవంబర్లో అది ఊరి దక్షిణాన రెండు రోజులు కదలకుండా నిలబడింది. చీక్టోవాగా, లాంకాస్టర్ వైపు 5 అడుగులు దాటింది, కార్లు కనపడలేదు, తలుపులు తెరుచుకోలేదు. ఉత్తరాన మా వైపు మాత్రం కొన్ని అంగుళాలే.

2022 క్రిస్మస్ అలా కాదు. అది ఎవర్నీ వదల్లేదు. డిసెంబర్ 23 పొద్దున మొదలైంది. ఎయిర్‌పోర్ట్ దగ్గర 37 గంటలు ఆగకుండా బ్లిజార్డ్, 50 అంగుళాల పైచిలుకు మంచు, గంటకి 110 కిలోమీటర్లు దాటిన గాలి విసుర్లు. కిటికీలోంచి చూస్తే ఎదురిల్లు లేదు. వీధి లేదు. ఒక తెల్లటి గోడ అడ్డంగా పరిగెడుతూ ఉంది, అంతే. రోడ్లమీద తిరగొద్దన్న నిషేధం ఆ పొద్దున్నే, అమలుకి గంట ముందు కూడా కాకుండా ప్రకటించారు. అప్పటికే చాలామంది పనులకి బయల్దేరిపోయారు. ఫైరింజన్లు, అంబులెన్సులు కూడా కూరుకుపోయి, ఫోన్ చేసినా ఎవరూ రాలేని గంటలు గడిచాయి. ఊళ్ళో, చుట్టుపక్కల కలిపి 40 మందికి పైగా పోయారు. కొందరు కార్లలో, కొందరు ఫుట్‌పాత్‌ల మీద, కొందరు కరెంటు పోయిన సొంత ఇళ్ళలోనే. నగరంలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ప్లౌ ఆఖర్న వచ్చే వీధుల్లో, పాత ఇళ్ళలో, దగ్గర్లో సరుకుల కొట్టు లేని పేటల్లో ఎవరు బతుకుతున్నారో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ తుఫానులోనే చీక్టోవాగాలో మంచులో ఇరుక్కున్న ఒకాయన దగ్గర్లోని స్కూలు కిటికీ పగలగొట్టి లోపలికి వెళ్ళాడు. రోడ్డుమీద కార్లలో చిక్కుకున్నవాళ్ళని ఒక్కొక్కరినీ వెతికి తీసుకొచ్చాడు. ఇరవైమందికి పైగా అక్కడ ప్రాణాలు దక్కించుకున్నారు, స్కూలు వంటింట్లో దొరికింది తిన్నారు. గాలి తగ్గాక అంతా శుభ్రం చేసి, కిటికీ పగలగొట్టినందుకు క్షమించమని చీటీ రాసిపెట్టి వెళ్ళిపోయాడు.

లోపలికి రండి, బూట్లు గుమ్మం దగ్గరి ట్రేలో పెట్టండి. అవి ఆరేసరికి ఉప్పు తెల్లటి గీతలుగా తేలుతుంది. ఫర్నెస్ వేడికి ఇల్లు వెచ్చగానే ఉంటుంది గానీ పెదాలు పగులుతాయి, దుప్పటి లాగితే చిటపటమని షాక్ కొడుతుంది. కొబ్బరినూనె సీసాలో తెల్లగా పేరుకుపోయింది, స్పూనుతో గీకాల్సిందే. దోసెల పిండి ఓవెన్లో ఉంది. ఓవెన్ వెలిగించలేదు, లోపలి బల్బు మాత్రం వేశాను. ఆ వెచ్చదనానికే రాత్రి రుబ్బింది మధ్యాహ్నానికి పొంగుతుంది. దక్షిణం కిటికీలో కరివేపాకు మొక్క చూడండి. సెప్టెంబర్ చివర్లో లోపలికి తెచ్చినప్పుడు గుబురుగా ఉండేది. ఇప్పుడు కింది రెమ్మలన్నీ పసుపెక్కి రాలిపోయాయి, కొసన నాలుగు రెమ్మలు మిగిలాయి. కోయబుద్ధి కాదు, పోపులో ఎండు ఆకే వేస్తున్నాను.

తలుపు తట్టింది కింది వాటా కుర్రాడు. నల్గొండ నుంచి ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాడు. రెండు రోజుల్నుంచి క్లాసుకి వెళ్ళలేదు. పొద్దున్న లేవబుద్ధి కావడం లేదట, రాత్రి నిద్ర పట్టడం లేదట. సోఫా అంచున కూర్చుని అడుగుతాడు: "అక్కా, ఎండ ఎప్పుడొస్తది ఇక్కడ?"

ఇది బద్ధకం కాదని వాడికి ముందు చెప్పాలి. వెలుతురు తగ్గే నెలల్లో వచ్చే ఈ కుంగుబాటుని 1984లో నార్మన్ రోజెంతాల్ బృందం ఒక జబ్బుగా వర్ణించి పేరు పెట్టింది. మందు కూడా వెలుతురే. 10,000 లక్స్ దీపం ముందు పొద్దున్న లేవగానే అరగంట కూర్చోవాలి. మా బల్లమీది దీపం వాడికిచ్చేశాను. డాక్టర్ని అడిగి విటమిన్ డి వేసుకోమన్నాను, తగ్గకపోతే క్యాంపస్ కౌన్సెలింగ్‌కి వెళ్ళమన్నాను. అన్నిటికంటే ముందు, మబ్బుగా ఉన్నా సరే రోజూ మధ్యాహ్నం బయట నడవాలి. మబ్బుపట్టిన మధ్యాహ్నం కూడా మన ట్యూబ్‌లైట్ల కంటే ఎన్నో రెట్లు వెలుతురు. ఇంట్లో కూర్చుని మార్చికోసం కాచుకున్నవాళ్ళకి ఈ చలికాలం తరగదు. ఇన్నేళ్ళుగా చూస్తూ నేను గట్టిగా నమ్మిన మాట ఇది.

వాడి ప్రశ్నకి జవాబు మాత్రం వేరే. సరస్సు గడ్డకట్టాక వస్తుంది ఎండ.

వినడానికి తలకిందులుగా ఉంటుంది. ఇంకా చలి పెరిగితే ఎండ రావడమేమిటి? ఈ మబ్బుల్ని పుట్టించేది సరస్సు నీళ్ళే కదా. అయిదు మహా సరస్సుల్లోకీ ఈరీ లోతు తక్కువ, సగటున 19 మీటర్లే, అందుకే తొందరగా గడ్డకడుతుంది. మూత పడిందంటే ఆవిరి ఆగుతుంది. అందుకే ఈ ఊరివాళ్ళు జనవరిలో గట్టి చలి రావాలని కోరుకుంటారు. అయితే గడ్డకట్టిన సరస్సుని పూర్తిగా నమ్మడానికీ లేదు. 1976లో డిసెంబర్ సగానికే గడ్డకట్టింది, ఆ ఐసు మీద వారాలపాటు పొడి మంచు పేరుకుంది. 1977 జనవరి 28న వచ్చిన గాలి దాన్నంతా ఎత్తి ఊరిమీద పోసింది. పైనుంచి కొత్తగా పడింది అడుగు మంచే, ఇళ్ళని కప్పింది సరస్సు మీది మంచు. ఆ తుఫానులో 29 మంది పోయారు. ఎదురింటి పెద్దాయన ఆ రోజులన్నీ ఫ్యాక్టరీలోనే ఉండిపోయాడట. ఈ మధ్య ఇంకో దిగులు. 2024 ఫిబ్రవరి మధ్యలో సరస్సు మీద ఐసు దాదాపు లేనేలేదు, మబ్బు పుట్టించే నీళ్ళకి మూత పడలేదు.

ఈసారి కట్టింది. ఫిబ్రవరి రెండో వారంలో ఒక ఆదివారం పరదా సందులోంచి గోడమీద ఎండ గీత పడగానే కుర్రాడు మెట్లెక్కి పైకి వచ్చేశాడు. ముగ్గురం మెట్రో ఎక్కుదాం. యూనివర్సిటీ స్టేషన్ నుంచి దారంతా భూమి లోపలే, డౌన్‌టౌన్ దగ్గర పైకి తేలగానే వెలుతురు పెట్టెలోకి దూకుతుంది, అందరూ కళ్ళు చికిలిస్తారు. ఒడ్డుకి నడుస్తుంటే జనం తిరునాళ్ళకి వచ్చినంతమంది. పిల్లలు, కుక్కలు, స్కేట్లు భుజాన వేసుకున్నవాళ్ళు. ఎదురుగా సరస్సు లేదు, కెనడా ఒడ్డుదాకా తెల్లటి నేల. దాన్ని కోస్తూ ఒక సన్నని గీత కనిపిస్తుంది. అది ఐస్ బూమ్. 1964 నుంచి ప్రతి చలికాలం తేలే తెప్పల్ని గొలుసుకట్టుగా సరస్సు మూతికి అడ్డం కడతారు. ఐసు దిబ్బలు నయాగరా నదిలోకి కొట్టుకుపోయి కిందనున్న కరెంటు కేంద్రాలకి నీళ్ళు అందకుండా చెయ్యకూడదని. ఏప్రిల్ ఒకటి కల్లా విప్పేయాలి, సరస్సు తూర్పు భాగంలో ఇంకా 250 చదరపు మైళ్ళకి మించి ఐసు ఉంటే తప్ప.

కుర్రాడు టోపీ చెవులదాకా లాక్కుని ఫోన్ తీశాడు. నల్గొండలో రాత్రి తొమ్మిదిన్నర. వాళ్ళమ్మ మొహం తెరమీదికి వచ్చింది.

"గింత ఎండ కొడుతుంటే గా కోటెందుకు బిడ్డా? తీసెయ్యరాదు?"

"మైనస్ పది ఉందే అమ్మా."

"మరి గీ ఎండ?"

"సరస్సు గడ్డకట్టిందే," అంటూ వాడు ఫోన్ని ఐసు వైపు తిప్పి, ఆ గీత ఏంటో, ఎవరు కడతారో, ఎప్పుడు విప్పుతారో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.