పదిహేడవ పసిఫిక్ క్రీడలు: సోలమన్ దీవుల సన్నాహాలు

పదిహేడవ పసిఫిక్ క్రీడలు 2023 నవంబరు 19 నుంచి డిసెంబరు 2 వరకు సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో జరిగాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కలిపి 24 జట్లు, అధికారులతో సహా సుమారు అయిదు వేల మంది ఈ పోటీలకు వచ్చారు. ఆ దేశం ఇంత పెద్ద క్రీడోత్సవాన్ని అంతకుముందు ఎన్నడూ నిర్వహించలేదు. 2016లో ఆతిథ్య హక్కు దక్కిన నాటి నుంచి ప్రారంభోత్సవం వరకు గడిచిన ఏడేళ్లలో దేశ విదేశాంగ విధానం, ఎన్నికల తేదీ, బడుల సెలవులు అన్నీ ఈ క్రీడలతో ముడిపడ్డాయి. పతకాల పట్టిక కన్నా ఆ ఏడేళ్ల చరిత్రే ఎక్కువ తెలుసుకోదగినది.

దేశం, రాజధాని

ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, పాపువా న్యూ గినీకి తూర్పున, తొమ్మిది వందలకు పైగా దీవులతో పరుచుకున్న దేశం సోలమన్ దీవులు. 1978 జులై 7న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం పొందింది. 2019 జనగణన ప్రకారం జనాభా 7,20,956. అంత కొద్దిమంది డెబ్బైకి పైగా భాషలు మాట్లాడతారు. వారందరినీ కలిపేది పిజిన్. ఒకే మాట మాట్లాడేవారిని పిజిన్‌లో ‘వాంటోక్’ అంటారు. వాంటోక్ ఇంటికి వస్తే తిండి, చోటు చూడటం అక్కడి వారికి విధి. ఎక్కడెక్కడి నుంచో వచ్చే వేలమందికి చోటు చూపాల్సిన పని అలాంటి సమాజం మీద పడింది.

రాజధాని హోనియారా గ్వాడల్‌కనాల్ దీవి ఉత్తర తీరాన, కొండకూ కడలికీ మధ్య సన్నని పట్టీలా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఆగస్టు నుంచి 1943 ఫిబ్రవరి వరకు అమెరికా, జపాన్ సేనలు హోరాహోరీగా పోరాడిన నేల ఇది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వారు తులాగిలోని పాత రాజధానిని వదిలి, అమెరికన్ సైనిక స్థావరం ఉన్న ఈ చోటికి మారారు. నాటి సైనిక విమాన స్థావరం హెండర్సన్ ఫీల్డే నేటి అంతర్జాతీయ విమానాశ్రయం. నాడు పేలకుండా మిగిలిన బాంబులు ఇంకా మట్టిలోనే ఉన్నాయి, వాటివల్ల ఈ నాటికీ ప్రాణాలు పోతున్నాయి. ఈ నగరంలో పునాది తవ్వాలంటే ముందు కింద ఏముందో చూసుకోవాలి.

క్రీడల పుట్టుక

ద్వీపాలవారు తమలో తాము పోటీపడే పండుగ ఒకటి ఉండాలన్న ఆలోచన 1959లో రబౌల్‌లో జరిగిన దక్షిణ పసిఫిక్ కమిషన్ సమావేశంలో వచ్చింది. దాన్ని ముందుకు తెచ్చినవారు ఫిజీ ప్రతినిధుల్లో ఒకరైన డాక్టర్ ఎ. హెచ్. సాహు ఖాన్, భారత సంతతివారు. గిర్మిట్ అనే కూలీ ఒప్పందం మీద కలకత్తా నుంచీ, 1903 తర్వాత మద్రాసు రేవు నుంచీ ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. ఆ ప్రవాస సమాజం కొత్త దేశానికి ఇచ్చినవాటిలో ఈ ఆలోచననూ చేర్చాలి. 1961లో నౌమియాలో చర్చలు జరిగాయి, 1963లో ఫిజీ రాజధాని సువాలో మొదటి దక్షిణ పసిఫిక్ క్రీడలు (నేటి పసిఫిక్ క్రీడలు) జరిగాయి.

పెద్ద క్రీడల భారం మోయలేని చిన్న దేశాలకూ ఆతిథ్యం ఇచ్చే అవకాశం ఉండాలని తర్వాత మినీ క్రీడలను మొదలుపెట్టారు. వాటిలో మొట్టమొదటివి 1981లో హోనియారాలోనే జరిగాయి. అక్కడి నుంచి పెద్ద క్రీడల ఆతిథ్యానికి చేరడానికి ఆ దేశానికి నలభై రెండేళ్లు పట్టింది.

ఆ నలభై రెండేళ్లు తేలిగ్గా గడవలేదు. 1998 నుంచి 2003 దాకా గ్వాడల్‌కనాల్, మలైటా దీవుల వర్గాల మధ్య సాయుధ ఘర్షణలు సాగి ప్రభుత్వం కుప్పకూలే స్థితి వచ్చింది. ఆస్ట్రేలియా నాయకత్వంలో 2003లో వచ్చిన ప్రాంతీయ శాంతి బృందం 2017 వరకు అక్కడే ఉంది. ఆ బృందం ఇంకా ఉండగానే 2016లో తాహితీతో పోటీపడి ఈ దేశం 2023 క్రీడలను గెలుచుకుంది. మా కాళ్ల మీద మేం నిలబడ్డామని చెప్పుకోవాలన్న ఆరాటం అందులో ఉంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

స్టేడియం ఎవరు కట్టాలి?

హోనియారాకు అప్పటికే లాసన్ తామా అనే పేరున్న మైదానం ఉంది. దానికి ఒక వైపు కొండవాలే గ్యాలరీ. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే ఆ గడ్డి వాలు మీద వేలమంది కూర్చుంటారు. 2012 ఓషియానియా నేషన్స్ కప్ అక్కడే జరిగింది. ఫుట్‌బాల్ ఈ దేశానికి ప్రాణం. ఫుట్‌సల్ జట్టు ‘కురుకురు’ నాలుగు ప్రపంచ కప్‌లు ఆడింది. అయినా కొండవాలు ఎంత ముచ్చటగా ఉన్నా ఈత పోటీలకు కొలను, అథ్లెటిక్స్‌కు సింథటిక్ ట్రాక్, టెన్నిస్ కోర్టులు, హాకీ మైదానం కావాలి. వాటికి సొమ్ము కావాలి. ప్రభుత్వ రాబడిలో పెద్ద వాటా అడవులు నరికి ఎగుమతి చేసే దుంగల మీద ఆధారపడిన దేశం ఇది.

1983 నుంచి సోలమన్ దీవులు తైవాన్‌తో దౌత్య సంబంధాలు నెరపాయి. స్టేడియానికి మొదట మాట ఇచ్చింది కూడా తైవానే. 2019 సెప్టెంబరులో ప్రధాని మనాస్సే సొగవారే ప్రభుత్వం తైవాన్‌ను వదిలి చైనాను గుర్తించింది, స్టేడియం బాధ్యత బీజింగ్‌కు మారింది. 2021లో పనులు మొదలయ్యాయి. చైనా ప్రభుత్వ రంగ నిర్మాణ సంస్థ పదివేల మంది కూర్చునే ప్రధాన స్టేడియాన్నీ, దాని చుట్టూ ఇతర క్రీడా వసతులనూ కట్టింది. పసిఫిక్‌లో ఇది కొత్త సంగతి కాదు. 2003లో సువా, 2007లో అపియా, 2017లో పోర్ట్ విలా మినీ క్రీడలకూ చైనా సాయం అందింది. హోనియారాలో తేడా ఏమిటంటే, స్టేడియంతో పాటు దేశం దౌత్యంలో పక్షమే మారింది.

తక్కినవారూ ఊరుకోలేదు. జపాన్ సాయంతో విమానాశ్రయం, ప్రధాన రహదారి మెరుగుపడ్డాయి. ఇండోనేసియా ఫుట్‌సల్ హాలు కట్టించింది. క్రీడాకారుల విడిదికీ, భద్రతకూ ఆస్ట్రేలియా నిధులిచ్చింది. 2022 ఏప్రిల్‌లో చైనాతో సొగవారే కుదుర్చుకున్న భద్రతా ఒప్పందం ఆస్ట్రేలియాను ఉలిక్కిపడేలా చేసింది కాబట్టి ఈ ఔదార్యాలన్నీ క్రీడాభిమానం ఒక్కటే అనుకోలేం. కానీ తలా ఒక చెయ్యి వెయ్యకపోతే ఆ కొలనూ ఆ రోడ్డూ ఎన్నేళ్లకు వచ్చేవన్నదీ ఆలోచించాలి.

కష్టకాలం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. సోలమన్ దీవులు ఆ రెండూ ఒకేసారి చేయాల్సి వచ్చింది, అదీ ఊరు తగలబడిన కొద్దికాలానికే. 2021 నవంబరు 24న హోనియారాలో సొగవారే రాజీనామా కోరుతూ మొదలైన నిరసన అల్లర్లుగా మారింది. చైనాటౌన్‌లో భవనాలు కాలిపోయాయి, శిథిలాల్లో మృతదేహాలు దొరికాయి. ఆస్ట్రేలియా, పాపువా న్యూ గినీ, ఫిజీ, న్యూజిలాండ్‌ల నుంచి బలగాలు వచ్చి నగరాన్ని శాంతింపజేశాయి. ఆ సాయం క్రీడల భద్రత దాకా కొనసాగింది. అల్లర్ల వెంటనే 2022 జనవరిలో కొవిడ్ జనంలోకి పాకింది. దేశ సరిహద్దులు ఆ ఏడాది జులైలో గాని పూర్తిగా తెరుచుకోలేదు. పనులు వెనుకబడి, 2023 జులైలో జరగాల్సిన క్రీడలు నవంబరుకు వెళ్లాయి. అంటే వానాకాలం ముఖద్వారానికి.

ఎన్నికలు కూడా 2023లోనే రావాల్సి ఉంది. ఒకే ఏడాది రెండూ నిర్వహించే శక్తి దేశానికి లేదంటూ ప్రభుత్వం 2022 సెప్టెంబరులో రాజ్యాంగాన్ని సవరించి పార్లమెంటు గడువును 2023 డిసెంబరు 31 దాకా పొడిగించింది. ప్రతిపక్ష నేత మాథ్యూ వేల్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఎన్నికల ఖర్చు తాము భరిస్తామని ఆస్ట్రేలియా ముందుకొస్తే, అది తమ వ్యవహారాల్లో జోక్యమని సొగవారే మండిపడ్డారు. చివరికి పోలింగ్ 2024 ఏప్రిల్ 17న జరిగింది. డబ్బు, పోలీసులు, అధికారులు చాలరన్న ఇబ్బంది నిజమే. అయినా ఓటరుకు రావాల్సిన రోజును ఆటల కోసం వెనక్కి జరపడం మంచి సంప్రదాయం కాదు.

తక్కువ చర్చకు వచ్చినా ఇంటింటినీ తాకిన ఏర్పాటు బడులది. వేలమంది క్రీడాకారులకు హోటళ్లు చాలవు. హోనియారా పాఠశాలలనే విడిదులుగా మార్చారు, అందుకోసం విద్యా సంవత్సరాన్ని ముందుగానే ముగించారు. తరగతి గదులకు మరమ్మతులు, స్నానాల గదులు వచ్చాయి. అవి తర్వాత పిల్లలకే మిగిలాయి. పిల్లలు కోల్పోయిన పాఠాల రోజులనూ ఈ లెక్కలో రాసుకోవాలి.

ఆడే పిల్లలకు మాత్రం ఇది అరుదైన వరం. 2018 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచి దేశానికి ఆ క్రీడల్లో తొలి పతకం తెచ్చిన వెయిట్‌లిఫ్టర్ జెన్లీ టెగు విని లాంటివారు అంతర్జాతీయ పోటీ కోసం ఎప్పుడూ సముద్రం దాటాల్సి వచ్చేది. ఈసారి సముద్రం దాటి రావడం ఇతరుల వంతయింది.

క్రీడలు, ఆ తర్వాత

పోటీలు మార్చుకున్న తేదీల ప్రకారమే పూర్తయ్యాయి. పతకాల్లో న్యూ కాలెడోనియా మొదటి స్థానంలో నిలిచింది. ఆతిథ్య దేశం ఎంతో ఆశపడిన పురుషుల ఫుట్‌బాల్ స్వర్ణం ఫైనల్‌లో పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లి అదే న్యూ కాలెడోనియా చేతికి చిక్కింది. ఒప్పుకున్న క్రీడలు జరిపి చూపడం ఎంత కష్టమో తెలియాలంటే టోంగాను చూడాలి. 2019 క్రీడల ఆతిథ్యాన్ని ఒప్పుకున్న ఆ దేశం, ఖర్చు తట్టుకోలేమని 2017లో చేతులెత్తేసింది. ఆ పోటీలను సమోవా నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది.

కట్టడాల నిర్వహణ ఇప్పుడు హోనియారా సమస్య. విద్యుత్తు చాలావరకు డీజిల్‌తో ఉత్పత్తి అవుతుంది, చార్జీలు ప్రపంచంలోనే ఎక్కువైన వాటిలో ఉన్నాయి. కొలను నీటిని శుభ్రం చేసే పంపులు, రాత్రి మ్యాచ్‌ల దీపాలు నడపడం ఏటేటా వచ్చే ఖర్చు. ఉప్పుగాలి ఇనుమును ఊరికే వదలదు. కట్టించి ఇచ్చినవారు ఆ ఖర్చును బహుమతితో పాటు ఇవ్వలేదు. ఆ స్టేడియం ఖాళీగా మాత్రం లేదు. 2025లో ఓషియానియా పురుషుల ఛాంపియన్స్ లీగ్ అక్కడే జరిగింది. ఫైనల్‌లో న్యూజిలాండ్‌కు చెందిన ఆక్లాండ్ సిటీ, పాపువా న్యూ గినీ క్లబ్ హెకారి యునైటెడ్‌ను ఓడించింది. పసిఫిక్ క్రీడలు తిరిగి 2027లో జరుగుతాయి. ఈసారి ఆతిథ్యం, 2016లో హోనియారా చేతిలో ఓడిన తాహితీది.