కొవ్వు తీసిన చిరుతిండి కథ

చిరుతిండి అన్న మాటలోనే దాని కొలత ఉంది. చిరు అనగా కొంచెం. జంతికలైనా, చేగోడీలైనా, పప్పుచెక్కలైనా పండుగకో పెళ్ళికో చేసి, డబ్బాలో పోసి, ఆ డబ్బాను పిల్లలకు అందని అటక మీద పెట్టే ఇళ్ళలో పుట్టి పెరిగినవారే మనలో చాలామంది. ఆ అటకే మనం ఎరిగిన మొదటి ఆహార నియమం. ఈ దేశానికి వచ్చాక అటక పోయింది, దాని స్థానంలో గ్రాసరీ స్టోరు వచ్చింది. అక్కడ ప్రతి తినుబండారమూ రెండు వేషాలలో నిలబడి ఉంటుంది: మామూలుది ఒకటి, కొవ్వు తీసినది ఒకటి. మూడవ మార్గం కూడా ఉంది, ఏదీ కొనకుండా ముందుకు నడవడం. కాని అది ఏ అట్టపెట్టె మీదా అచ్చు వేసి ఉండదు, దానికి ప్రకటనలిచ్చే కంపెనీ లేదు.

ఈ రెండవ వేషం ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే 1965 వలస చట్టం తరువాత వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడ కాపురాలు పెట్టుకున్న సంవత్సరాలూ, ఈ దేశం కొవ్వును శత్రువుగా ప్రకటించిన సంవత్సరాలూ దాదాపు ఒకటే. ఇక్కడివాళ్ళతోపాటు మనమూ ఆ పాఠం చదివాము. బుద్ధిమంతులైన విద్యార్థులం కదా, బహుశా వాళ్ళకంటే శ్రద్ధగానే చదివాము.

కథ 1955 సెప్టెంబరులో మొదలవుతుందనవచ్చు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ డెన్వర్‌లో ఉండగా గుండెపోటు వచ్చింది. దేశమంతా ఒక్కసారిగా గుండె గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు అప్పటికే, తిండిలోని కొవ్వుకూ రక్తంలోని కొలెస్టరాల్‌కూ గుండెజబ్బుకూ సంబంధం ఉందని వాదిస్తున్నాడు. యుద్ధకాలంలో సైనికులకు ఇచ్చిన కె-రేషన్ పొట్లాలకు రూపకల్పన చేసినవాడు ఈయనే. 1958లో అమెరికా, ఫిన్లాండు, హాలెండు, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాను దేశాలలో నడివయసు మగవారి మీద పరిశోధన ఆరంభించాడు. 1961లో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు. ఆ ఏడే అమెరికన్ హార్ట్ అసోసియేషన్, జంతువుల కొవ్వు తగ్గించి నూనెలు వాడమని సలహా ఇచ్చింది.

ఒక సంగతి గమనించాలి. ఏడు దేశాలలో మనదేశం లేదు. అన్నం, పప్పు, మజ్జిగతో పెరిగి, చిన్న వయసులోనే గుండెపోటు తెచ్చుకొనే మనవంటి జాతి ఆ లెక్కలోకి రానేలేదు.

అదే కాలంలో లండన్‌లో జాన్ యూడ్కిన్ అనే ఆచార్యుడు, దోషి కొవ్వు కాదు, చక్కెర అని చెబుతూ వచ్చాడు. 1972లో పుస్తకం కూడా వేశాడు. ఆయన మాట నిలవలేదు. ఎందుకు నిలవలేదో కొంత 2016లో బయటపడింది. 1967లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో చక్కెరను వెనక్కి నెట్టి కొవ్వును ముందుకు తెచ్చిన సమీక్షా వ్యాసానికి చక్కెర కంపెనీల సంస్థ సొమ్ము ఇచ్చిందని పాత ఉత్తరాలు తవ్వి చూపించారు. ఇచ్చినది 6,500 డాలర్లు. హార్వర్డు పేరు ఇంత చవకగా దొరికిందా అని ముక్కున వేలు వేసుకోవలసిందే.

ఇక 1977. సెనేటులో జార్జి మెక్‌గవర్న్ అధ్యక్షతన పోషకాహార కమిటీ ఒకటి ఉండేది. అది 1968లో పుట్టినది పేదల ఆకలి గురించి. పదేళ్ళు తిరక్కుండానే ఆకలిని వదిలి అతితిండి మీదకు వచ్చింది. ఆ ఏడు జనవరిలో దేశానికంతటికీ ఆహార లక్ష్యాలు ప్రకటించింది: తినే కాలరీలలో కొవ్వు వాటా నూటికి 40 నుండి 30కి దిగాలి, ధాన్యాలూ కూరగాయలూ పండ్లూ పెరగాలి, చక్కెర తగ్గాలి, ఉప్పు తగ్గాలి. మాంసం తగ్గించండి అని కూడా తిన్నగా రాశారు. పశువుల పెంపకందార్లు గగ్గోలు పెట్టారు. డిసెంబరులో వచ్చిన రెండవ కూర్పులో ఆ వాక్యం, "సాచురేటెడ్ కొవ్వు తక్కువయ్యే మాంసాలను ఎంచుకోండి" అన్న ధోరణిలోకి మారిపోయింది. మెక్‌గవర్న్ పశువుల రాష్ట్రమైన దక్షిణ డకోటావాడు. 1980లో తన సీటు కోల్పోయాడు (ఓటమికి ఇదొక్కటే కారణం కాదు లెండి).

ఆ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, తరువాతి కథంతా అందులోనే ఉంది. "ఫలానా పదార్థం తక్కువ తినండి" అంటే ఎవరో ఒకరి వ్యాపారం దెబ్బ తింటుంది. "ఫలానా ధాతువు తక్కువగా ఉన్నది తినండి" అంటే అందరికీ కొత్త వ్యాపారం దొరుకుతుంది. అదే రెండవ కూర్పులో మొట్టమొదటి లక్ష్యంగా చేర్చినది మరొకటి: ఖర్చు చేసే శక్తికి మించి తినవద్దు. అనగా మన మూడవ మార్గమే. దానిని ఎవరూ డబ్బాలో పెట్టి అమ్మలేకపోయారు కనుక అది కాగితం మీదనే ఉండిపోయింది.

1984 మార్చిలో టైమ్ ముఖచిత్రం చాలామందికి జ్ఞాపకం ఉంటుంది: రెండు గుడ్లు కళ్ళుగా, పంది మాంసం ముక్క ఏడుపు నోరుగా ఉన్న పళ్ళెం. దాని వెనుక ఉన్న పరిశోధనలో 3,806 మంది మగవారి మీద కొలెస్టరాల్ తగ్గించే మందును పరీక్షించారు. గుండెజబ్బు తగ్గింది, నిజమే. కాని పరీక్షించినది మందును, తిండిని కాదు. ఆ తేడా పత్రికలవారికి పట్టలేదు. 1988లో సర్జన్ జనరల్ కూప్ కొవ్వు తగ్గించడమే ముఖ్య కర్తవ్యమన్నాడు. 1990లో ప్రభుత్వమే, 2000 నాటికి కొవ్వు తగ్గించిన తయారీ వస్తువులు కనీసం 5,000 రకాలు అంగళ్ళలో ఉండాలని లక్ష్యం పెట్టింది. ఇటువంటి లక్ష్యం చేరడానికి కంపెనీలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1992లో నాబిస్కో కంపెనీ స్నాక్‌వెల్స్ బిస్కట్లు తెచ్చింది. వాటిలో చాకొలెట్ పూత పూసిన డెవిల్స్ ఫుడ్ రకానికి అంగళ్ళలో కరువు వచ్చింది. ఒక్కొక్క దానిలో కొవ్వు సున్న, కాలరీలు 50. కొవ్వు లేదు కదా అని పెట్టె పెట్టె లాగించినవారు ఎందరో. అందులో ఉన్నది చక్కెర, పిండి. కొవ్వు గ్రాముకు 9 కాలరీలు, చక్కెర గ్రాముకు 4. ఒకటి తీసి దాని చోట మరొకటి రెండింతలు పోస్తే ఏమి మిగిలినట్టు? వేరుశనగ వెన్ననే చూడండి. మామూలు పీనట్ బటర్ రెండు టేబుల్ స్పూన్లలో కొవ్వు సుమారు 16 గ్రాములు, కాలరీలు 190. కొవ్వు తగ్గించిన దానిలో కొవ్వు 12 గ్రాములు, కాలరీలు మళ్ళీ 190. తీసేసిన చోట కార్న్ సిరప్ పొడి వచ్చి కూర్చుంది. వేరుశనగ నూనె గుండెకు చేసే కీడు కంటే ఆ పొడి చేసే మేలు ఏమిటో ఎవరైనా చెప్పగలిగితే సంతోషిస్తాను.

అట్ట మీది మాటలకు అర్థాలు 1994 నుండి చట్టప్రకారం స్థిరపడ్డాయి. "ఫ్యాట్ ఫ్రీ" అంటే ఒక వడ్డనలో అర గ్రాము లోపు. "లో ఫ్యాట్" అంటే 3 గ్రాములు, అంతకు లోపు. "రెడ్యూస్డ్" అంటే మామూలు దానికంటే నాలుగో వంతు తక్కువ, అంతే. కిటుకంతా వడ్డన అన్న మాటలో ఉంది. చిప్స్‌కు వడ్డన ఒక ఔన్సు, అనగా గుప్పెడు. గుప్పెడుతో ఆగినవారు మన ఇళ్ళలో ఎందరున్నారు?

అన్నిటిలో చిత్రమైనది ఓలెస్ట్రా ఉదంతం. సిన్సినాటి నగరంలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పరిశోధకులు 1968లో, చక్కెర అణువు చుట్టూ ఆరు నుండి ఎనిమిది కొవ్వు ఆమ్లాలను తగిలించి ఒక పదార్థం కనిపెట్టారు. నూనెలాగే వేగిస్తుంది, నాలుకకు నూనెలాగే తోస్తుంది, కాని అరగదు, ఒంటపట్టదు, వచ్చిన దారినే పోతుంది. 28 ఏళ్ళ తరువాత, 1996 జనవరిలో, చిరుతిండ్లలో వాడడానికి అనుమతి దొరికింది. 1998లో ఫ్రిటో-లే వారి "వౌ" చిప్స్ దేశమంతా దిగాయి: ఔన్సుకు కొవ్వు సున్న, కాలరీలు సగం. పొట్లం మీద మాత్రం, కడుపులో పోట్లు, విరేచనాలు కలగవచ్చునని హెచ్చరిక అచ్చు వేయవలసి వచ్చింది. పోతూ పోతూ ఎ, డి, ఇ, కె విటమిన్లను కూడా వెంట తీసుకుపోతుంది గనుక వాటిని విడిగా కలపాలని నిబంధన. విరేచనాల హెచ్చరికతో అమ్మిన చిరుతిండి ప్రపంచ చరిత్రలో ఇంకొకటి ఉందో లేదో! ఆ హెచ్చరికను 2003లో తీసివేయనిచ్చారు, కాని అప్పటికే జనం మొహం తిప్పుకొన్నారు.

ఇదే కంపెనీ 1911లో క్రిస్కో తెచ్చింది. పత్తిగింజల నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించిన కొవ్వు అది. అదే విద్య 1930లలో మనదేశం చేరి డాల్డా అయింది. పసుపుపచ్చ డబ్బా, దాని మీద తాటిచెట్టు బొమ్మ మనకు గుర్తే. నెయ్యిలో కల్తీ పట్టుకోవడానికి వనస్పతిలో నువ్వులనూనె కలిపి తీరాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. నెయ్యికి బదులు డాల్డా, వెన్నకు బదులు మార్గరీన్, ఆధునికులు చేయవలసింది ఇదే అని రెండు ఖండాలలోనూ చెప్పారు. ఈ గడ్డకట్టిన నూనెలోని ట్రాన్స్ కొవ్వు, చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి మంచి దానిని తగ్గిస్తుందని 1990లో డచ్చి పరిశోధకులు మెన్సింక్, కటాన్ చూపించారు. వెన్న కూడా చేయని పని ఇది. అమెరికాలో 2006 నుండి అట్ట మీద దాని లెక్క రాయాలన్నారు. 2018 నుండి దానిని కలపడమే మానిపించారు. మనదేశంలో నూటికి 2 పాళ్ళ పరిమితి 2022లో వచ్చింది. డాల్డాతో మైసూరుపాకు చేసి పెట్టిన ఆ తరం తల్లుల తప్పేమీ లేదు. వాళ్ళు అప్పటి పెద్దల మాట విన్నారు.

ఈ గొడవలో శాకాహారులైన మనవాళ్ళకు మరొక వింత జరిగింది. మెక్‌డొనాల్డ్స్ వారి బంగాళాదుంప వేపుళ్ళు 1990 వరకు గొడ్డు కొవ్వులో వేగేవి. కొలెస్టరాల్ ప్రచారం ఒత్తిడికి ఆ ఏడు కూరగాయల నూనెలోకి మారామని కంపెనీ ప్రకటించింది. మన పిల్లలకు ధైర్యంగా కొనిపెట్టాము. 2001లో తెలిసింది, రుచి కోసం గొడ్డు మాంసపు సారం ఇంకా కలుస్తూనే ఉందని. సియాటిల్‌లోని ఒక భారతీయ న్యాయవాది దావా వేయగా, 2002లో కంపెనీ క్షమాపణ చెప్పి, శాకాహార, హిందూ తదితర సంస్థలకు కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇక 1990లో కొవ్వు పోయి వచ్చిన ఆ నూనె ఏమిటంటారా? పాక్షికంగా హైడ్రోజన్ ఎక్కించినదే.

ఇంత చేసి దేశం సన్నబడిందా? 1976-80 మధ్య పెద్దవారిలో స్థూలకాయులు నూటికి 15 మంది. 1999-2000 నాటికి 31 మంది. 1971 నుండి 2000 వరకు తీసిన లెక్కల ప్రకారం కాలరీలలో కొవ్వు వాటా 36 నుండి 33కి దిగింది, కాని ఆడవారు రోజుకు తినేది సుమారు 1,540 కాలరీల నుండి 1,880కి పెరిగింది. పెరిగినదంతా ముఖ్యంగా పిండి, చక్కెర. 2006లో మరొక ఫలితం వచ్చింది. 48,835 మంది స్త్రీలను ఎనిమిదేళ్ళు గమనించగా, కొవ్వు తక్కువ తిండి గుండెజబ్బును చెప్పుకోదగినంతగా తగ్గించలేదు. 2015 ఆహార సూచనలలో మొత్తం కొవ్వును తగ్గించమనే పట్టు వదిలి, కలిపిన చక్కెర నూటికి 10 లోపు ఉండాలన్నారు.

దీనిని పట్టుకొని నెయ్యి గిన్నెలో గరిటె ముంచనక్కరలేదు. సాచురేటెడ్ కొవ్వు చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచుతుందన్న మాట ఇప్పటికీ నిలిచే ఉంది. కీస్ మొత్తానికి తప్పలేదు. తప్పినది ఆయన మాటను బిస్కట్టుగా మార్చినవారు.

మన విషయం వేరు. దక్షిణాసియా సంతతి కావడమే గుండెజబ్బు ప్రమాదాన్ని పెంచే అంశమని 2018లో ఇక్కడి వైద్య సంఘాల మార్గదర్శకాలు రాతపూర్వకంగా ఒప్పుకొన్నాయి. మనవారిలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, మంచి కొలెస్టరాల్ తక్కువ, పెద్దగా లావెక్కకుండానే మధుమేహం. ఇటువంటి శరీరానికి పాలిష్ బియ్యం, మైదా, చక్కెర అసలైన భారం. నెయ్యి మానేసి, కొబ్బరి మానేసి, ఆ లోటుకు రెండు ముద్దలు అన్నం ఎక్కువ తిని, సాయంత్రం కాఫీతో నాలుగు కొవ్వులేని బిస్కట్లు తిన్న ఇళ్ళు ఎన్నో. మన సంఘంలో యాభై దాటకుండా పోయినవారిని తలచుకొంటే, ఆ ఇళ్ళలో నియమం పాటించనివారు తక్కువే అని తోస్తుంది.

మరి జంతికల మాట? ఓవెన్‌లో కాల్చిన జంతికలు చేసేవారున్నారు. నూనె తగ్గుతుంది, నిజం. కాని బియ్యప్పిండి బియ్యప్పిండిగానే ఉంటుంది, రుచి చాలక నాలుగు ఎక్కువ తింటాము. నూనెలో వేగిన అసలు జంతిక రెండు తిని డబ్బా మూయడమే నాకు నచ్చిన పద్ధతి. మానేయడమూ మనకు కొత్త కాదు. ఏకాదశి ఉంది, శనివారం ఒంటిపూట ఉంది. ఐతే ఆ ఒంటిపూట రాత్రికి ఫలహారమంటూ ఇడ్లీలు, ఉప్మా, పెసరట్టు వచ్చి భోజనాన్ని మించిపోయిన సంగతి కూడా మనకు తెలిసినదే. అంతేగాక, ఎదిగే పిల్లలకు, ముఖ్యంగా రెండేళ్ళ లోపువారికి, కొవ్వు తీసిన పాలు, మానేసే నియమాలు పనికిరావు.

మనవాళ్ళ చిరుతిండ్లలో వేయించిన వేరుశనగ, ఉడకబెట్టిన శనగలు, గుగ్గిళ్ళు ఏ పట్టికలోకీ ఎక్కనివి. 1994 నిబంధనల ప్రకారం "హెల్దీ" అన్న మాట బాదం పొట్లం మీద వేసుకోవడానికి వీలుండేది కాదు, కొవ్వు ఎక్కువని. చక్కెర పూసిన అటుకులకు వీలుండేది. ఆ నిర్వచనాన్ని 2024 డిసెంబరులో మార్చారు. ఇకపై గింజలకు ఆ మాట దక్కుతుంది, చక్కెర పూసినవాటికి పోతుంది. కంపెనీలకు గడువు 2028 ఫిబ్రవరి వరకు ఇచ్చారు. అంతవరకు పాత అట్టపెట్టెలు అంగడిలో కనబడుతూనే ఉంటాయి.