వెనుకకు మరలిన కణములు

1909లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఎర్నెస్టు మార్స్‌డెన్ అను ఇరువదేండ్ల విద్యార్థికి ఒక చిన్న పని అప్పగింపబడెను. రేడియో ధార్మిక పదార్థము నుండి వెలువడు ఆల్ఫా కణములు, అనగా రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన హీలియం అయానులు, లోహపు రేకును తాకి వెనుకకు మరలునా యని చూచుటయే ఆ పని. పని నిచ్చిన రూథర్‌ఫర్డు ఆచార్యునికే అట్టివి కానవచ్చునన్న ఆశ లేదు. కాని మార్స్‌డెన్, గైగరు కలిసి చీకటి గదిలో జింకు సల్ఫైడు తెరపై మెరుపులను లెక్కింపగా, ప్లాటినం రేకు నుండి సుమారు 8000 కణములకు ఒకటి వెనుకకు మరలుచున్నదని తేలెను. పరమాణువు భారమంతయు నడుమనున్న అతి చిన్న కేంద్రకమున ఇమిడియున్నదని 1911లో రూథర్‌ఫర్డు దీనికి కారణము చెప్పెను.

పాఠ్యపుస్తకములలో ఈ కథ ఇంతటితో ముగియును. కాని మరలి వచ్చిన కణము ఊరక రాదు. తాను తాకినది ఏ పరమాణువో ఆ కబురును వెంట తెచ్చును. బాలురు గోలీలాడుట చూడుడు. గోలీ పెద్ద ఇనుపగుండును తాకినచో దాదాపు వచ్చిన వేగముతోనే వెనుకకు ఎగురును. తనకంటె కొంచెమే పెద్దదైన గోలీని తాకినచో, శక్తిలో చాల భాగము దానికిచ్చివేయును. అయానుల సంగతియు ఇంతే.

ఆల్ఫా కణపు భారము 4. అది ఎదురుగా తాకి తిన్నగా వెనుకకు మరలినపుడు ఎంత శక్తి మిగులునో తెలిసికొనుటకు, రెండు భారముల భేదమును వాని మొత్తముచే భాగించి వర్గము చేయవలెను. ఆక్సిజను (16) నుండి మరలినచో నూటికి 36 వంతులు, సిలికాను (28) నుండి 56, బంగారము (197) నుండి 92 వంతులు మిగులును. కావున ఏ శక్తితో ఎన్ని కణములు మరలినవో కొలిచిన, ఎదుట ఏ మూలకము ఏ పాలున ఉన్నదో తెలియును. హైడ్రోజను మాత్రము ఇట్లు తెలియదు; తనకంటె తేలికైనది ఆల్ఫా కణమును వెనుకకు త్రిప్పజాలదు.

1960 తరువాతి యేండ్లలో చంద్రుని నేల ఎట్టిదను వాదము తీవ్రముగా నుండెను. అది ఉల్కలవంటి ఆదికాలపు పదార్థమని కొందరు, కరగి గడ్డకట్టిన శిల యని కొందరు అనిరి. షికాగో రసాయన శాస్త్రజ్ఞుడు ఆంథొనీ టర్కెవిచ్ బృందము క్యూరియం-242 ఆల్ఫా కణములతో పనిచేయు చిన్న పెట్టెను నిర్మించెను. 1967 సెప్టెంబరులో సర్వేయరు-5 నౌక దానిని కొనిపోయెను. దారిలో నౌకనుండి హీలియం వాయువు కారిపోసాగగా, ఇంజనీర్లు దిగు పద్ధతినే మార్చి నౌకను ప్రశాంత సాగరమున క్షేమముగా దింపిరి. పెట్టె నైలాను త్రాటితో నేలకు దింపబడెను. నూరు పరమాణువులలో సుమారు 58 ఆక్సిజను, 18 సిలికాను, 6 అల్యూమినియం ఉన్నట్లు తేలెను. అది మన దక్కను పీఠభూమి నల్లరాయి వంటి బసాల్టునకు దగ్గర. 1969లో సమీపమున దిగిన అపోలో-11 యాత్రికులు తెచ్చిన రాళ్లలో బసాల్టు కనిపించెను.

నేడు ప్రయోగశాలలలో త్వరణ యంత్రములే అయానులను పరుగెత్తించుచున్నవి. సిలికాను పలకలపై పూతల మందమును ఈ పద్ధతితోనే కొలుచుచున్నారు. హైదరాబాదులో భాభా అణు పరిశోధనా కేంద్రపు ప్రయోగశాల యందు 30 లక్షల వోల్టుల ట్యాండెట్రాన్ యంత్రము ఇట్టి పనికే ఉన్నది.

సర్వేయరు ఫలితములు వెలువడునాటికి మార్స్‌డెన్ 78 ఏండ్ల వృద్ధుడు. రాదనుకొన్న మెరుపు కొరకు ఇరువదవ యేట ఓపికతో చూచిన ఆ విద్యార్థి, అదే ప్రయోగము చంద్రునిపై జరుగువరకు జీవించియుండెను.