రాయి అనుకుని పొలంలో చల్లిన నాచు

కొన్ని కాల్షియం టాబ్లెట్ల డబ్బాల మీద ‘రెడ్ సీవీడ్ నుంచి’ అని ఉంటుంది, చూశారా? నాచులో కాల్షియం ఏంటి అని నాకూ డౌటొచ్చింది. తవ్వితే పెద్ద కథే బయటపడింది.

స్క్రీన్ మీద చూడండి. గులాబీ రంగు పగడం ముక్కలా ఉంది కదా? పేరు మేర్ల్. ఇది పగడం కాదు, ఎర్ర నాచు. పట్టుకుంటే రాయే. అందుకే పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. 1758లో లినేయస్ దీని దగ్గరి చుట్టాల్ని జంతువుల లిస్టులో పెట్టేశాడు. కాదు, ఇవి మొక్కలే అని 1837లో ఫిలిప్పి అనే జర్మన్ తేల్చాడు.

ఇంతకీ ఆ రాయిలో ఏముంది? ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, అంటే మన సున్నపురాయిలో ఉండేదే. కానీ కొన్నిచోట్ల కాల్షియం కూర్చోవాల్సిన సీట్లో మెగ్నీషియం వచ్చి కూర్చుంటుంది. అమెరికా జియొలాజికల్ సర్వేలో క్లార్క్, వీలర్ అని ఇద్దరు కెమిస్టులు సముద్ర జీవుల గుల్లల్ని, ఇలాంటి నాచుల్ని ఓపిగ్గా టెస్ట్ చేసి, 1922 రిపోర్టులో ఒక ప్యాటర్న్ చూపించారు: నీళ్లు వెచ్చగా ఉన్నచోట మెగ్నీషియం ఎక్కువ. ల్యాబ్ లెక్కల్లోంచి సముద్రం వేడి తెలిసిపోవడం! నాకైతే ఈ ఎపిసోడ్ మొత్తంలో ఇదే సూపర్.

రైతులకి మాత్రం ఈ కెమిస్ట్రీతో పనిలేదు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో నేల గ్రానైట్ మీద ఉంటుంది. పులుపెక్కిన మట్టి, దగ్గర్లో సున్నపురాయి లేదు. దాంతో సముద్రం అడుగు నుంచి మేర్ల్ తోడి పొలాల్లో చల్లేవాళ్లు. వందల ఏళ్ల అలవాటు. తర్వాత పెద్ద పడవలు, మెషీన్లు దిగాయి. 1970లకల్లా ఏటా లక్షల టన్నులు.

సమస్య ఎక్కడంటే, ఇది పెరిగేది ఏడాదికి ఒక మిల్లీమీటరు, చాలాచోట్ల అంతకూడా కాదు. ఒక్కో మేర్ల్ దిబ్బ పేరుకోడానికి వేల ఏళ్లు పట్టింది. దాని సందుల్లోనే చిన్న చేపలు, ఆల్చిప్పలు పెరుగుతాయి. తవ్వేస్తే మన జీవితకాలంలో తిరిగిరాదు. ఇంగ్లండ్‌లోని ఫాల్మత్‌లో 2005లో తవ్వకం ఆపారు. బ్రిటనీలో ఇంకొన్నేళ్లు పట్టింది, నా లెక్కలో చాలా లేటు.

తవ్వకం ఆగినా ఇంకో తలనొప్పి ఉంది. మెగ్నీషియం ఎక్కువున్న ఈ రకం కాల్సైట్ త్వరగా కరుగుతుంది. మన పొగలోని కార్బన్ డయాక్సైడ్‌తో సముద్రం పులుపెక్కేకొద్దీ ముందు దెబ్బ తినేవాటిలో ఇదీ ఒకటి.

మరి టాబ్లెట్ల సంగతి? ఐస్‌లాండ్‌లో ఒక ఫ్యోర్డ్ అడుగున పేరుకున్న నాచు గుల్లల్ని ఇప్పటికీ తోడుతున్నారు, అందులో ఎక్కువ చచ్చినవే. మీ ఇంట్లో డబ్బా ఉంటే లేబుల్ తిప్పి చూడండి, లిథోథామ్నియాన్ అని ఉందేమో. ఉంటే కామెంట్లో పెట్టండి.