గాలికుంచె కథ - రాక్‌ఫర్డ్ నుంచి మన బేస్‌మెంట్ దాకా

పిల్లలు ప్లాస్టిక్ విమానాలు, ఓడలు అతికించి రంగులు వేసుకునే ఇళ్ళల్లో ఏదో ఒకరోజు ఈ మాట వస్తుంది: “డాడీ, నాకు ఎయిర్‌బ్రష్ కావాలి.” తీరా హాబీ షాపుకి వెళ్తే ఒకదాని ధర, పక్కదాని ధరకి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఎందుకో అట్టపెట్టె మీద రాసింది చదివితే తెలియదు. ఆ పనిముట్టు పుట్టుపూర్వోత్తరాలు వింటే తెలుస్తుందని నా నమ్మకం. పైగా ఆ కథలో పెద్ద భాగం మన ఇల్లినాయ్‌లోనే జరిగింది.

1879లో అయొవాలోని వెబ్‌స్టర్ సిటీలో ఆబ్నర్ పీలర్ అనే ఆయన నగల పనివాళ్ళ దగ్గరుండే పాత సామాను కూర్చి, గాలితో రంగు చల్లే యంత్రం ఒకటి తయారుచేశాడు. చూడ్డానికి మోటుగా ఉండేది. గాలి కోసం చేత్తో పంపు కొట్టాలి. దాని హక్కులు లిబర్టీ వాకప్ చేతికి వచ్చాయి. ఆయన మనకి పడమరగా ఉన్న రాక్‌ఫర్డ్‌లో దాన్ని బాగుచేసి అమ్మాడు, నేర్పడానికి బడి కూడా పెట్టాడు. కొనేవాళ్ళెవరనుకున్నారు? ఎక్కువగా ఫొటోల వాళ్ళు. ఆ రోజుల్లో ఫొటో పెద్దది చేస్తే ముఖం వెలవెలబోయేది. నీడలు, బుగ్గల మెరుపు మళ్ళీ మనిషే దిద్దాలి. మన ఇళ్ళల్లో దండ వేసిన తాతగారి పటాలకి స్టూడియోవాళ్ళు చేత్తో మెరుగులు దిద్దారు చూడండి, అలాంటి పనే.

అసలు మలుపు 1893. షికాగోలో కొలంబియన్ ఎక్స్‌పొజిషన్ జరిగిన సంవత్సరం, వివేకానందుడు ఇక్కడ ప్రసంగించిన సంవత్సరం కూడా. ఆ ప్రదర్శనలో థేయర్ అండ్ చాండ్లర్ కంపెనీ చార్లెస్ బర్డిక్ కనిపెట్టిన కొత్తరకం ఎయిర్‌బ్రష్‌ని పెట్టింది. కలంలా పట్టుకోవచ్చు. సన్నటి సూది చుట్టూ గాలి దూసుకుపోతూ రంగుని తనతో లాక్కుని తుంపర చేస్తుంది. ఈ రోజు మనం కొనే వాటిలో చాలావాటి వంశం అక్కడిదే. 1904లో పాషే కంపెనీ కూడా షికాగోలోనే మొదలైంది. 1960లలో బ్యాడ్జర్ పక్కనే ఫ్రాంక్లిన్ పార్క్‌లో వచ్చింది. జపాన్ ఇవాటా 1926 నాటిది.

బర్డిక్ లండన్ వెళ్ళి అక్కడ కూడా వ్యాపారం పెట్టాడు. స్వయంగా చిత్రకారుడు. తన బొమ్మల్ని రాయల్ అకాడమీకి పంపితే, యంత్రంతో వేసినవని తిప్పికొట్టారని చెబుతారు. చెయ్యి తగలనిది కళ కాదన్న మాట అప్పటినుంచీ ఉంది. నాకైతే ఆ వాదన ఎప్పుడూ రుచించలేదు. మీట మీద వేలు ఎంత మెత్తగా ఆడాలో ఒక్కసారి పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది. భయపడాల్సింది వేరేదానికి. గీత పడకుండా రంగు వేస్తుంది కాబట్టి, అబద్ధాన్ని కూడా గీత పడకుండా వేస్తుంది. సోవియట్ యూనియన్‌లో కాలవ ఒడ్డున స్టాలిన్ పక్కన నిలబడ్డ యెజోవ్‌ని, 1940లో చంపేశాక, ఫొటోలోంచి కూడా తీసేశారు. అతనున్న చోట నీళ్ళు మిగిలాయి.

ఇక పిల్లల విమానాల దగ్గరికి వద్దాం. మోర్టన్ గ్రోవ్‌లో చాలాకాలం నడిచిన మోనోగ్రామ్ మోడల్స్ 1945లో పుట్టింది. ఆ కిట్లకి మొదట్లో పిల్లలు మామూలు కుంచెలే వాడేవాళ్ళు. చిక్కేమిటంటే, 1/72 కొలతలో పదోవంతు మిల్లీమీటరు మందాన పడ్డ రంగు అసలు విమానం మీద 7 మిల్లీమీటర్ల పూతతో సమానం. రేకుల అతుకులన్నీ పూడిపోతాయి. ఇంకొకటి, యుద్ధకాలపు జర్మన్ విమానాల మచ్చలు నిజంగానే పిచికారీతో వేసినవి. వాటి అంచులు మసకగా ఉంటాయి. ఆ మసక కుంచెకి లొంగదు. అయితే గట్టి అంచులున్న విమానాలూ బోలెడు. వాటికి టేపు వేసి, ఓపిగ్గా పలచటి పూతలు వేస్తే మంచి కుంచె చాలు. కొండపల్లి బొమ్మలవాళ్ళు తెల్ల పొణికి కర్ర మీద చేసే పని చూసినవాళ్ళకి కుంచెని తక్కువ చెయ్యబుద్ధి కాదు.

కొనేటప్పుడు నా లెక్క ఇది. మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే డబుల్ యాక్షన్ రకం తీసుకోండి. నేర్చుకోవడానికి నాలుగు రోజులు ఎక్కువ పట్టినా తర్వాత మార్చక్కర్లేదు. రంగుగిన్నె పైనున్నదైతే తక్కువ రంగుతో, తక్కువ గాలితో పని జరుగుతుంది. నాజిల్ 0.3 నుంచి 0.35 మిల్లీమీటర్లు. 0.2 చూసి మోజుపడకండి, ఊరికే పూడుకుంటుంది. డబ్బు మిగిల్చి కంప్రెసర్‌లో పెట్టండి. ట్యాంకు, ఒత్తిడి తగ్గించే మీట, తేమ పట్టే గిన్నె ఉండాలి. ట్యాంకు లేకపోతే గాలి కుదుపులతో వస్తుంది. స్ప్రే డబ్బాలోని గాలి వాడుతున్నకొద్దీ డబ్బా చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. రంగుని పాలంత పలచగా కలిపి, 15 నుంచి 20 పి.ఎస్.ఐ. దగ్గర మొదలుపెట్టండి. పని కాగానే కడగాలి, రేపు కడుగుదామంటే సూది అంటుకుపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం పిల్లల మాట వినకండి. నీళ్ళ రంగు కదా, వాసన లేదు కదా అంటారు. తుంపరగా మారాక ఏ రంగైనా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు, బయటికి గాలి లాగే ఫ్యాను కూడా సామాను లెక్కలోవే. మన ఊళ్ళో చలికాలం కిటికీలన్నీ బిగించి బేస్‌మెంట్‌లో కూర్చుంటారు. అక్కడే గ్యాస్ వాటర్ హీటరు, ఫర్నేసు ఉంటాయి. లాకర్ థిన్నర్ ఆవిరికి ఆ చిన్న మంట చాలు. హీటరున్న గదిలో లాకరు రంగులు వద్దు, ఎంత ఫ్యానున్నా సరే.